కుర్చీ కదలని రైలు

"చేతకాకపోతే చెప్పవయ్యా, మేమే దిగి తోసుకుంటాం!"

ఇంజను పక్కన కంకరమీద నిలబడి అరుస్తున్న మనిషికి మెడ ఎంత లావుందో గొంతూ అంతే లావుంది. పెట్టెలు దిగి వచ్చిన జనం అతని వెనకాల గుంపు కట్టారు. మిట్టమధ్యాహ్నం. పట్టాల మీంచి వేడి సెగలు సెగలుగా లేస్తోంది. ఎదురుగా స్టేషను కప్పు కనపడుతూనే ఉంది. రైలు మాత్రం అంగుళం కదలడం లేదు.

ఆ గుంపులోకి గొడుగు ఊపుకుంటూ ఒక పెద్దావిడ వచ్చి చేరింది. ఇంజను నడిపేవాడికి ఆవిడ తోడబుట్టిన అక్క. తమ్ముణ్ణి తిట్టే హక్కు వాడు పుట్టిన రోజునుంచీ తనొక్కదానిదేనని ఆవిడ నమ్మకం. ఆ హక్కు పరాయివాడెవడో లాక్కుంటున్నట్టు పెట్టెలో ఉండగానే చెవిన పడింది. మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయి దిగొచ్చింది.

ఇంజను తలుపు తెరుచుకుంది. డ్రైవరు గుమ్మంలోకొచ్చి, రెండు చేతులతో రెండువైపులా కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు. సన్నటి మనిషి. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఎర్ర దీపం ఉందండీ," అన్నాడు.

"ఎర్ర దీపమట! లైను మీద కుక్క కూడా లేదు. నీ దీపం పాడైందేమో చూసుకో!"

"అయ్యుండొచ్చండీ."

"మరి పోనియ్యి!"

"పాడైనా ఎర్రగానే ఉంది కదండీ."

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. లావు మెడవాడికి ఒళ్ళు మండింది. మెట్టు మీద కాలు పెట్టాడు. డ్రైవరు వెనక్కి జరగలేదు, ముందుకీ రాలేదు. చేతులు కమ్మీల మీదే ఉన్నాయి. గొంతు కూడా పెంచలేదు.

"మీవాళ్ళెవరైనా ఉన్నారాండీ బండిలో?"

"ఉంటే?"

"వాళ్ళని పిలిచి, 'ఎర్ర దీపం దాటించమని నేనే చెప్పాను' అని వాళ్ళ మొహం చూసి ఒక్కసారి అనండి. తర్వాత మాట్లాడుకుందాం."

అతను నోరు తెరిచేలోపు మొదటి పెట్టె కిటికీలోంచి ఒక ఆడగొంతు వినపడింది. "ఏవండోయ్! వచ్చి కూర్చోండి. ఇంట్లో గ్యాసు కట్టెయ్యడం గుర్తుండదు గానీ, రైళ్ళు నడుపుతారట రైళ్ళు!"

అంతే. గుంపు గొల్లుమంది. లావు మెడ కిందికి వంగింది, కాలు మెట్టు దిగింది. కాసేపటికి దీపం మారింది. డ్రైవరు వేలెత్తి చూపించి "పచ్చ!" అన్నాడు. లోపలినుంచి అసిస్టెంటు "పచ్చ!" అన్నాడు. అక్క గొడుగు చంకలో పెట్టుకుని పరుగులాంటి నడకతో పెట్టె చేరేదాకా హారను మోగలేదు.

అక్క తన జీవితంలో చాలా కొట్లాటలు చూసింది. సగం తనే మొదలుపెట్టింది. గుమ్మంలో ఊరికే నిలబడి గెలిచిన కొట్లాట మాత్రం అదొక్కటే.

రంగు పైకి చెప్పడం ఇంజనులో నియమం. డ్రైవరు సిగ్నలు చూసి, వేలు చూపించి, రంగు చెప్తాడు. పక్కన కూర్చున్న అసిస్టెంటు తన కళ్ళతో తను చూసి, అదే అయితే తిరిగి చెప్తాడు. వేరేది కనిపిస్తే గొంతు చించుకుని ఆపిస్తాడు. ఒక జత కళ్ళు తూలినా ఇంకో జత మేలుకుని ఉండాలని ఆ ఏర్పాటు. ఈ అసిస్టెంటు ఆ తిరిగి చెప్పడం ఎంత ముచ్చటగా చెప్పేవాడంటే, అందరూ అతన్ని చిలక అనేవారు. కన్నతల్లి పెట్టిన పేరు జీతం ఇచ్చేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

డ్రైవరుకి ఆ అలవాటు ఒంట్లో దిగిపోయింది. రోడ్డు దాటేటప్పుడు "ఖాళీ!" అనేవాడు. టీ పెట్టుకుంటూ పొయ్యి వైపు వేలు చూపించి "నీలం!" అనేవాడు. "నీలమేలేరా, పక్కకి తప్పుకో," అనేది అక్క. తనూ తిరిగి చెప్తున్నానని అప్పట్లో ఆవిడకి తట్టలేదు.

అతనేం రైలు పిచ్చితో పుట్టలేదు. ఉద్యోగం దొరికింది, చేరాడు. మొదట్లో గూడ్సు బళ్ళు. ఎప్పుడు పిలుపొస్తుందో, ఎప్పుడు తిరిగొస్తాడో దేవుడికి కూడా తెలిసేది కాదు. "నా కాపురం మీ తమ్ముడితో కాదు వదినా, ఆయన క్యారేజీ డబ్బాతో. వచ్చిందంటే కడుగుతా, వెళ్ళిందంటే ఎదురు చూస్తా," అని భార్య నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వే మనిషి జ్వరంతో మంచానపడి లేవకుండా పోయింది. కూతురింకా స్కూల్లో ఉంది. అప్పటికే ఒంటరిగా ఉన్న అక్క కుట్టు మిషనూ కత్తెరా వేసుకుని "కొన్నాళ్ళుండి పోతాను" అని వచ్చింది. ఆ కొన్నాళ్ళు ఇంకా అవుతూనే ఉన్నాయి. ముందుగదిలో కిటికీ పక్కన మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుట్టి, మేనకోడల్ని పెద్దదాన్ని చేసి, పెళ్ళి చేసి రెండు వీధుల అవతలికి పంపింది.

డ్రైవరు కళ్ళు మోసం చేస్తున్నాయని మొదట పట్టుకున్నది డాక్టరు కాదు, అక్క.

"ఆ డబ్బాలోంచి పచ్చ రీలు ఇలా పడెయ్యరా," అంది ఒక మధ్యాహ్నం, మిషను మీంచి తల ఎత్తకుండా. అతను అందించిన రీలు చూసి ఆగిపోయింది. ఇటుక రంగు.

"ఇది పచ్చా? నీ మొహం పచ్చ."

"గదిలో వెలుతురు లేదక్కా."

అక్క లేచి కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచింది. రీలు ఎండలో పెట్టి "ఇప్పుడు చెప్పు," అంది. అతనికి ఉన్నట్టుండి దాహం వేసి వంటింట్లోకి వెళ్ళాడు.

ఆ రోజునుంచి చెవిలో జోరీగలా "కళ్ళు చూపించుకో, కళ్ళు చూపించుకో" అని ఆవిడ, "ఆఫీసువాళ్ళు ఎలాగూ చూస్తారు కదక్కా" అని అతను. ఆఫీసువాళ్ళు చూడనే చూశారు. రంగురంగుల చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం తెరిచి చదవమన్నారు. చీకటి గదిలో చిన్న దీపాలు చూపించి చెప్పమన్నారు. సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా కూర్చుని, "దించేశారక్కా," అన్నాడు. కంట్లో నరమేదో వాడిపోతోందట. కళ్ళజోడు మార్చినా లాభం లేదట. పేపరు చదవగలడు, సూదిలో దారం ఎక్కించగలడు. ఎరుపూ పసుపూ పచ్చా మాత్రం కాస్త దూరం పోగానే ఒకదాంట్లో ఒకటి కరిగిపోతాయట.

ఇంజను మీంచి దించి అతన్ని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. డ్యూటీకొచ్చే ప్రతి డ్రైవరూ ముందు ఒక గొట్టంలోకి గాలి ఊదాలి, తాగి రాలేదని తేలాలి. ఆ గొట్టం నోటిదగ్గర పట్టుకోవడం అతని పని. నిన్నటిదాకా తను ఊదిన గొట్టం ఇవాళ తను పడుతున్నాడు. వాళ్ళు ఊదుతారు, సంతకం పెడతారు, సంచి భుజానేసుకుని పట్టాల వైపు పోతారు. అతను తర్వాతివాడికి గొట్టం తుడుస్తాడు. రోజంతా అదే. సాయంత్రం ఇంటికొచ్చే మనిషిలో అలసట ఉండేది కాదు, అలసిపోవడానికి కూడా ఏమీ దొరకనివాడి నీరసం ఉండేది. మాట్లాడిస్తే ఊ అనేవాడు. పళ్ళెంలో పెట్టింది తినేవాడు. ఏం తిన్నావని అడిగితే పళ్ళెంకేసి చూసేవాడు.

అయినా ఒక్క ఆశ వదల్లేదు. పరీక్ష రోజున తనకి నిద్రలేదనీ, అందుకే తప్పాడనీ, మళ్ళీ చూడమనీ అర్జీ పెట్టుకున్నాడు. పైవాళ్ళు సరేనన్నారు. నెగ్గితే రిటైరయ్యేదాకా ఇంజను. లేకపోతే రిటైరయ్యేదాకా గొట్టం.

కూతురు కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తుంది. తండ్రి వాలకం చూడలేక, పాత సామాను పోగేసి ఒక కంప్యూటరు కట్టి తెచ్చింది. పెద్ద తెర, దాని ముందు బ్రేకూ వేగమూ మార్చే రెండు ప్లాస్టిక్ పిడులు. అందులో రైలు నడిపే ఆట.

"పిల్లలాట నాకెందుకే?" అన్నాడు డ్రైవరు.

"ఒక్కసారి కూర్చో నాన్నా. నచ్చకపోతే పట్టుకుపోతా."

"పట్టుకుపోవే," అంది అక్క. "బట్టలు పరుచుకోవడానికే చోటు లేదు, ఇప్పుడు స్టేషను కూడా ఇక్కడే కట్టు."

"అత్తా, నువ్వు కాసేపు కుట్టుకోవూ?"

డ్రైవరు కూర్చున్నాడు. తెరమీద పట్టాలు మెరిశాయి, ఇంజను మోత మొదలైంది. అతని ఎడంచెయ్యి దానంతటదే గాల్లోకి లేచి, అక్కడ లేని పిడి కోసం వెతికింది. అది చూసి కూతురు మొహం తిప్పుకుంది. ఆ రాత్రి భోజనానికి అతన్ని మూడుసార్లు పిలవాల్సి వచ్చింది.

ఆట మంచిదే, కాదని ఎవరన్నారు? కావాలంటే తెల్లవారుతుంది, కావాలంటే వాన పడుతుంది. జన్మలో చూడని మంచు కొండల మధ్య లైను. సొరంగంలో దూరితే మోత మారుతుంది, బయటపడితే ఒక్కసారిగా వెలుగు. బ్రేకు వేస్తే బండి వెంటనే ఆగదు, కాస్త ఆలోచించుకుని ఆగుతుంది. "అది మాత్రం సరిగ్గా పెట్టారక్కా, ఎవడో తెలిసినవాడే పెట్టాడు," అని మురిసిపోయాడు. పైగా వేళకాని వేళ పిలుపు లేదు, ఆలస్యమెందుకైందని నిలదీసే ఆఫీసరు లేడు. ప్లాట్‌ఫారం మీద సరిగ్గా గీత దగ్గర ఆపితే తెరమీద నక్షత్రాలు రాలతాయి.

"ఇన్నేళ్ళ సర్వీసులో నన్నెవరూ ఇలా మెచ్చుకోలేదక్కా."

"నన్ను మాత్రం ఎవరు మెచ్చుకున్నారురా? అలాగని తెరమీద బట్టలు కుడుతున్నానా?"

అయితే అక్క కూడా ఓరకంట చూసేది. మంచు పడుతుంటే మిషను ఆపి మరీ చూసేది. లోపాలు కూడా ఆవిడకే ముందు కనపడ్డాయి. "ఇదేంట్రా, ఏ స్టేషన్లో చూసినా అదే ఆడమనిషి, అదే గళ్ళ గౌను, అదే సంచి! ఈ దేశం మొత్తానికి దర్జీ ఒక్కడేనా? అయినా ఆవిడ ఎక్కదేం?"

"వాళ్ళు ఎక్కరక్కా. బొమ్మలు."

"మరి ఎవర్ని మోసుకెళ్తున్నావు?"

అతను ప్లాస్టిక్ పిడి ముందుకి తోశాడు.

అతన్ని పీడించిన లోపం వేరే. "కుర్చీ కదలడం లేదక్కా," అన్నాడు ఒకరోజు. నిజం బండిలో పట్టా పాడైతే ముందు నడుముకి తెలుస్తుంది. లోడు ఎంతుందో కూర్చున్న చోట తెలుస్తుంది. ఇక్కడ తెర పరిగెడుతోంది, ఒళ్ళు మాత్రం ముందుగదిలోనే ఉండిపోతోంది. చివరికి అతనే ఉపాయం కనిపెట్టాడు. కుర్చీని అక్క మిషను బల్లకి ఆనించాడు. ఆవిడ మిషను మోటారు తొక్కితే బల్ల అదిరి, ఆ అదురు కుర్చీలోకి వస్తుంది.

"ఆపకక్కా, కుట్టు. నువ్వు కుడుతుంటే బండి నడుస్తున్నట్టుంది."

"ఓరి నీ అసాధ్యం కూలా! నీ రైలుకి నేను ఇంజనునా?"

తిడుతూనే కుట్టింది. పొడుగు కుట్లున్న లాగులూ గౌన్లూ అతను ఆటకి కూర్చునే వేళకి దాచిపెట్టి, కాజాలూ బొత్తాలూ పొద్దున్నే ముగించుకునేది. ఆ సంగతి అతనికి చెప్పలేదు. కుట్టు అయిపోయి ఆవిడ దారం తెంపినప్పుడల్లా, కొండల మధ్య పోతున్న రైలు అతని కింద చచ్చి ఊరుకునేది.

ఇంకో సంగతి. ఆటలో పట్టాల మీదికి ఎవరూ రారు. నిజం ఇంజనులో ఒకసారి ఒక మనిషి కావాలని వచ్చి నిలబడ్డాడు. డ్రైవరు బ్రేకు వేశాడు, హారను కొట్టాడు, బండి మాత్రం తన బరువుకొద్దీ తను పోయింది. తర్వాత చాలాకాలం డ్రైవరు ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయేవాడు. అందుకే మొదట్లో, "ఇందులో ఎవరూ రారక్కా, హాయి," అన్నాడు. కొన్నాళ్ళు పోయాక అదే మాట ఇంకోలా అన్నాడు. "ఎవరూ రారని తెలిసిపోయాక చూపు పలచబడిపోతోందక్కా. కళ్ళు పెట్టి చూడబుద్ధి కాదు."

చూపు ఎటు పోతోందో అక్క గమనించింది. తెర కింద కుడిమూలలో చిన్న చట్రం ఉంది. వచ్చే సిగ్నలు ఎంత దూరంలో ఉందో, ఏ రంగులో ఉందో అందులో అక్షరాల్లో వస్తుంది. డ్రైవరు కళ్ళు పట్టాల మీద కాదు, ఆ మూలలో ఉంటున్నాయి. మూల చదివి, వేలు మాత్రం పట్టాల వైపు చూపించి, "పచ్చ!" అంటున్నాడు.

"ఇంజనులో కూడా ఉంటుందా ఆ మూల?" అంది.

"ఉండదు."

"మరి?"

"ఆటలో ఉంది కదా. ఒక్క సిగ్నలైనా తప్పుతున్నానా చెప్పు? కళ్ళు దార్లో పడ్డాయక్కా."

"కూడబలుక్కుని చదవడమైతే నాకూ వచ్చు. రేపు నన్ను కూడా ఎక్కించమను ఇంజను."

ఆ దెబ్బకి అక్కాతమ్ముళ్ళ మధ్య రెండు పూటలు మాటల్లేవు. అలిగినా అతను సాధన మానలేదు. చుక్కల పుస్తకంలోని బొమ్మలు కూతురి చేత కంప్యూటర్లోకి తెప్పించుకుని, ఏ బొమ్మలో ఏ అంకె ఉంటుందో పాఠంలా వల్లించాడు. దీపాల గదిలో చూపించే వరస కూడా అందరికీ ఒకటేనని వెళ్ళొచ్చినవాళ్ళెవరో చెప్తే, అదీ నేర్చుకున్నాడు. మోసం చేస్తున్నానని అతను అనుకోలేదు. చదువుకుంటున్నాననే అనుకున్నాడు.

పరీక్షకి ముందురోజు సాయంత్రం చిలక వచ్చాడు. అతనిప్పుడు అసిస్టెంటు కాదు, సొంతంగా బండి నడుపుతున్నాడు. పొట్ట కూడా కాస్త వచ్చింది.

"రేపు నెగ్గి రావాలి గురూగారూ! మీరు లేక లైను బోసిపోయింది."

"నీ పొట్టతో నిండిపోలేదూ?" అంది అక్క టీ గ్లాసు అందిస్తూ.

"పిన్నిగారి నోరు మాత్రం కొత్త బ్లేడే, తుప్పు పట్టలేదు," అని నవ్వి, తెర చూశాడు. "ఓహో, ఇదా! జరగండి, జరగండి." అని స్టూలు లాక్కుని డ్రైవరుకి ఎడమపక్కన, ఎన్నో ఏళ్ళు కూర్చున్న వైపే కూర్చున్నాడు.

ఆట మొదలైంది. "పచ్చ!" అన్నాడు డ్రైవరు. "పచ్చ!" అన్నాడు చిలక. అక్క చెప్పకుండానే మిషను తొక్కింది. కుర్చీ అదిరింది. డ్రైవరు వెన్ను నిటారైంది. "పసుపు!" "పసుపు!" బ్రేకు పడింది, బండి ఆలోచించుకుని నెమ్మదించింది. ఇద్దరు మగవాళ్ళు ఒక తెరముందు కూర్చుని రంగులు అరుచుకుంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు గానీ, తమ్ముడి మొహంలో అంత వెలుగు చూసి చాలాకాలమైందని అక్కకి తెలిసింది. ఆ లాగు కుట్టు అయిపోయినా దారం తెంపకుండా, చిత్తుగుడ్డ తోసి తొక్కుతూనే ఉంది.

"అవునుగానీ గురూగారూ, ఆ మూలలో అన్నీ అదే చెప్పేస్తుంటే ఇక మీరెందుకు, నేనెందుకు? కాపీ కొడుతున్నారన్నమాట!" అన్నాడు చిలక. నేలమీద పడున్న లైనింగు ముక్క తీసి, బట్టల క్లిప్పుతో తెర అంచున తగిలించి ఆ మూల మూసేశాడు. "ఇప్పుడు నడపండి, అసలైన బండి."

డ్రైవరు ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత "సరే," అన్నాడు.

సిగ్నలు వచ్చింది. అతను ముందుకి వంగాడు. మెడ చాపాడు. "పచ్చ!"

చిలక నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. "పచ్చ!"

అక్క తలెత్తింది. ఆవిడకి కనిపించింది పసుపు. కళ్ళజోడు సర్దుకునేలోపు ఆ సిగ్నలు వెనక్కి పోయింది. ఇంకోటి దూరంలో పుట్టింది. అది పెరుగుతూ దగ్గరికొస్తోంది.

"పసుపు!" అన్నాడు డ్రైవరు.

"పసుపు!" అన్నాడు చిలక, ఈసారి కాస్త మెల్లగా.

"ఎరుపురా అది!" అంది అక్క. మిషను ఆగిపోయింది.

తెర నల్లబడింది. ఎర్ర సిగ్నలు దాటారని రాసింది. కింద, మళ్ళీ మొదలుపెట్టాలా అని అడిగింది.

డ్రైవరు తెరకేసి చూడలేదు. చిలకకేసి చూశాడు.

"నీకేం కనిపించింది?"

"ఆటే కదా గురూగారూ, పోనివ్వండి..."

"నీకేం కనిపించిందని అడిగాను."

"ఎరుపు."

"మరి పసుపని ఎందుకన్నావు?"

"మీరన్నారని." చిలక చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "రేపు పరీక్ష పెట్టుకుని, ఇవాళ మీ మనసు చెడగొట్టడమెందుకని."

"బండిలో కూడా ఇలాగే అనేవాడివా?"

చిలక స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "ఒట్టు గురూగారూ. బండిలో నా నోట ఒక్క అబద్ధం రాలేదు. వెనకాల అంతమంది కూర్చునుంటే ఎలా వస్తుంది?"

"నన్ను దించకముందే నా కళ్ళు ఇంతే కదా. అక్కకి దారం రీలు తప్పు రంగుది ఇచ్చింది అప్పుడే. మరి బండిలో ఎందుకు తప్పలేదు నేను?"

చిలక గోడమీది క్యాలెండరు చూశాడు. అందులో ఏమీ లేదు.

"చివర్లో... నేనే ముందు చెప్పేవాణ్ణి గురూగారూ. దూరంనుంచే, మీ వేలు లేవకముందే చెప్పేసేవాణ్ణి. మీరు తిరిగి చెప్పేవారు."

డ్రైవరు ప్లాస్టిక్ పిడి మీంచి చెయ్యి తీసేశాడు.

"గమనించాను," అన్నాడు. "కుర్రాడికి చురుకెక్కువైందనుకున్నాను. ఆఫీసులో నీ గురించి గొప్పగా చెప్పాను కూడా."

"ఆ పెద్దమనిషితనం పైవాళ్ళకి చెప్పడంలో చూపించొచ్చు కదరా!" అక్క గొంతు పైకి లేచింది. "నీకు జబ్బు చేస్తే? నీ బదులు ఇంకొకడు ఎక్కితే? అప్పుడెవడు ముందు చెప్పేవాడు?"

"ఎలా చెప్పను పిన్నిగారూ? నాకు బండి నేర్పిందే ఆయన."

"నేర్పినందుకు బాగా తీర్చుకున్నావు. వెళ్ళు నాయనా, వెళ్ళు. టీ చల్లారిపోయింది."

చిలక గుమ్మంలో చెప్పులు వెతుక్కున్నాడు. కళ్ళెదురుగా ఉన్న చెప్పులు వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. చివరికి వేసుకుని మెట్లు దిగిపోయాడు.

అక్క కత్తిరించిన గుడ్డలు మడతపెట్టింది. మడతపెట్టినవే విప్పి మళ్ళీ పెట్టింది. ఇలాంటప్పుడు మెత్తటి మాట ఒకటి అనాలని ఆవిడకి తెలుసు. మెత్తటి మాటలు ఆవిడ దగ్గర ఎప్పుడూ నిలవ ఉండేవి కావు. చివరికి "అన్నం వడ్డించనా?" అంది.

అతను తెరనే చూస్తున్నాడు. "ఏ బండైనా అడిగిందా అక్కా నన్ను, మళ్ళీ మొదలుపెట్టాలా అని?"

"దాన్ని ఆర్పెయ్యరా. రేపటి సంగతి చూడు."

"రేపటిదే చూస్తున్నా. నెగ్గుతానక్కా. అదే భయం. చుక్కల పుస్తకం మొత్తం నోటికొచ్చు. దీపాల వరస కూడా వచ్చు. వాళ్ళు సంతకం పెట్టి పంపించేస్తారు. ఎల్లుండి నా పక్కన కొత్తవాడెవడో కూర్చుంటాడు. పెద్దవాడు, అనుభవం ఉన్నవాడు అని నామీద భక్తితో, నేనేమంటే అదే అంటాడు." మొహం చేత్తో తుడుచుకున్నాడు. "లావు మెడాయన గుర్తున్నాడా? పాడైనా ఎర్రగానే ఉంది కదండీ అన్నాను ఆయనతో. ఆ రోజు చూడగలిగాను కాబట్టి అన్నాను."

"అంత తెలిసినవాడివి వెళ్ళకు. అంతే."

"ఇప్పుడు వెళ్ళనంటాను. పొద్దున్నకి మళ్ళీ నిద్రలేదనే అంటాను, వెలుతురు లేదనే అంటాను. నన్ను నేను నమ్మను."

లేచాడు. తెర అంచున జారిపోతున్న లైనింగు ముక్కని గట్టిగా లాగి, ఇంకో క్లిప్పు కూడా పెట్టాడు. చిలక వదిలిపోయిన స్టూలు తన కుర్చీకి ఎడమపక్కన సర్దాడు. దానిమీద దుమ్ము లేకపోయినా అరచేత్తో తుడిచాడు.

"ఇలా వచ్చి కూర్చో అక్కా."

"నాకేం వస్తుందిరా ఈ గోల?"

"ఎరుపులో ఎన్ని రకాల ఎరుపులున్నాయో దారం చూసి చెప్తావు. ఇంకేం రావాలి? నాకంటే ముందు నోరు తెరవకు, అదొక్కటే. నేను చెప్పాక, నీ కంటికేది కనిపిస్తే అది చెప్పు. తమ్ముడని చూడకు. అలసిపోయాడని చూడకు. నీ నోటికి జాలి లేదని ఊరంతా అంటారు కదా, నాకిప్పుడు ఆ నోరే కావాలి. నేను ఒక్కటంటే ఒక్కటి తప్పు చెప్పినా సరే, పొద్దున నేను చొక్కా ఇస్త్రీ చేసుకుని బయల్దేరినప్పుడు, వెళ్ళి ఆ గుమ్మంలో అడ్డంగా నిలబడు. రెండు చేతులూ రెండు తలుపులకీ ఆనించి నిలబడు. నేను బతిమాలుతాను, అరుస్తాను, నీకేం తెలుసంటాను. ఏమన్నా సరే, నన్ను మాత్రం దాటనివ్వకు."